ఉప్పుమళ్ళు చివరి రీలు

నమోదు 1147. సోమవారం. గాలిలో ఉప్పు ఎక్కువ.

పొద్దున్నే కిటికీ వలలు కడిగితే రెండు దోసిళ్ళ ఉప్పు రాలింది. ధ్వనిశాల తలుపు తీసేసరికి మెట్ల మీద ఎనిమిది మంది కూర్చుని ఉన్నారు. అన్నీ మామూలు ఫిర్యాదులే. పాటలు వినిపించే చెవిపూసలో తేమ చేరింది, ఎడమ పూస పలకడం లేదు, నిద్రపాట మధ్యలో ఆగిపోతోంది. మధ్యాహ్నానికి ఏడుగురి పూసలు బాగుచేసి పంపేశాను.

ఎనిమిదో మనిషి బమ్మిడి అప్పన్న. ఎనభై రెండేళ్ళుంటాయి. సముద్రం పైకి రాకముందు కింద నౌపడ ఉప్పుమళ్ళలో పనిచేసినవాడు. ఇప్పుడు మా మెట్టపేటలో మూడో వరసలో ఒక్కడే ఉంటున్నాడు. పూస తీసి నా బల్ల మీద పెట్టాడు.

“ఇది అబద్దాలాడతంది పిల్లా. బాగుసెయ్యి.”

పరీక్షించాను. ఏ లోపమూ లేదు. ఆ మాటే చెప్పాను.

“నేకపోడమేటి? నిన్న ‘ఉప్పుమళ్ళు’ సినిమా ఏసుకున్నాను. ఆకర్న ఆడమనిషి కూనిరాగం తీస్తాది గదా, అది నేదు. దాని బదులు ఇంకేదో వాయించేస్తంది.”

నాకు అర్థం కాలేదు. సినిమాకి ఒక సంగీతమంటూ ఎక్కడుంటుంది? బొమ్మ ఉంటుంది, మాటలుంటాయి. సంగీతాన్ని మాత్రం చూసేవాళ్ళ నాడిని బట్టి పూస అప్పటికప్పుడు అల్లుతుంది. నాకు ఆరేళ్ళప్పుడు పూస పెట్టారు. ఇప్పుడు ముప్పయి నాలుగు. ఈ ఇరవై ఎనిమిదేళ్ళలో ఒకే అల్లిక రెండోసారి విన్నది లేదు. అప్పన్నకి అదంతా వివరించబోయాను.

“అది నాకూ తెలుసు. నాను సెప్పేది ముందటి సంగతి. అప్పుడు సినిమాకి ఒక్కటే సంగీతం. కూలోడికీ ఆసామికీ అదే.” పూసని నా వైపు జరిపాడు. “ఆ కూనిరాగం మా రమణమ్మది. సినిమావోళ్ళు మా మళ్ళలోనే తీసినారు. సంగీతం కట్టినాయన, జొన్నాడ వీరాస్వామి, పది రోజులు మాతోనే ఉన్నాడు. ఆడోళ్ళ సేత పాడించుకున్నాడు. అందులో రమణమ్మ గొంతు తీసి పెట్టినాడు.”

రమణమ్మ ఆయన భార్య. పోయి పదకొండేళ్ళయింది. ఆమె ఎన్నడూ పూస పెట్టుకోలేదట. అందుకని ఆమె గొంతు ఏ పూసలోనూ, ఇంకెక్కడా లేదట.

వెతుకుతానని చెప్పి పంపాను. ఏం వెతకాలో మాత్రం నాకు తెలియదు.

నమోదు 1149. బుధవారం. ఎండ.

సాయంత్రం నా భర్త లోకనాథం పొగమంచు నీరు పట్టే వలల పని నుంచి పెందరాళే వచ్చాడు. ఇద్దరం కలిసి ‘ఉప్పుమళ్ళు’ చూశాం. పోలమ్మ అనే ఉప్పు కూలీ కథ. పెళ్ళి చేసుకుంటుంది, మొగుడితో కలిసి మళ్ళు కౌలుకి తీసుకుంటుంది. కాలం కాని వానకి ఏడాది ఉప్పంతా కరిగిపోతుంది. పడవ మీద వెళ్ళిన మొగుడు తిరిగి రాడు. చివరికి ఒక్కతే మడిలో దిగి చెక్కపలకతో మళ్ళీ ఉప్పు లాగడం మొదలుపెడుతుంది.

ఉప్పు కరిగిపోయేచోట నాకు వేణువు వచ్చింది. కళ్ళు తుడుచుకుని పక్కకి చూస్తే లోకనాథం కాలితో తాళం వేస్తున్నాడు.

“నీకేం వినిపించింది?” అని అడిగాను.

“డప్పులు.”

“ఆవిడ ఉప్పంతా పోయింది. డప్పులేమిటి?”

“ఏమో. లేచి నిలబడమని చెబుతున్నట్టుంది.” నా వైపు తిరిగాడు. “ఇద్దరికీ ఒకటే వినిపిస్తే అది ఎవరి పాటవుతుంది?”

పెళ్ళయి తొమ్మిదేళ్ళు. కలిసి కొన్ని వందల సినిమాలు చూసి ఉంటాం. ఒక్క సినిమా కూడా ఒకేలా విననేలేదన్నది నాకు ఇవాళే తట్టింది.

నమోదు 1153. ఆదివారం.

సినిమాలు దాచే పెద్ద భాండారం నుంచి మూడు ప్రతులు వచ్చాయి. మూడింటి మీదా ‘మూల సంగీతం’ అని రాసి ఉంది. మూడూ వేరువేరుగా ఉన్నాయి. ఒకదానిలో చివరన వయొలిన్లు, ఒకదానిలో పిల్లల బృందగానం, మూడోదానిలో నిజంగానే ఒక ఆడగొంతు కూనిరాగం. సంతోషం పట్టలేక అప్పన్నని పిలిపించాను. పూస తీయించి, మూడోది పెట్టె స్పీకర్లో వినిపించాను.

ఆయన తల వంచుకుని చివరిదాకా విన్నాడు.

“ఎవులో సదువుకున్నమ్మ పాడతంది,” అన్నాడు. “మా ఆవిడ ఇలగ ఊపిరి దాచుకుని పాడదు.”

భాండారానికి రాసి అడిగాను. ఇరవై ఏళ్ళ కిందట చోటు చాలక పాత సినిమాల సంగీతం తీసేసి బొమ్మా మాటలూ మాత్రమే ఉంచారట. ఎలాగూ పూసలు అల్లుతున్నాయి కదా అని. తర్వాత ఎవరో అడిగితే, ముగ్గురు ప్రేక్షకుల అల్లికలు తెచ్చి ఆ పేరు పెట్టారట. తప్పయిందని కూడా రాయలేదు. ఎవరూ గమనించనప్పుడు అది తప్పవుతుందా కాదా అని నాలో నేనే తర్కించుకుంటూ కూర్చున్నాను.

నమోదు 1156. బుధవారం. గాలిలో ఉప్పు మధ్యస్థం.

అప్పన్న చెప్పిన ఆచూకీ పట్టుకుని ఐదో వరసలో చిట్టెమ్మ ఇంటికి వెళ్ళాను. ఒకప్పుడు నౌపడ దగ్గర ఆమే, ఆమె భర్తా టూరింగ్ టాకీసు నడిపేవారు. భర్త లేడు. ఆమెకి ఎనభై ఆరేళ్ళు. మేడ మీద గుండ్రటి రేకు మూతల్లో వడియాలు ఎండబెడుతోంది.

“మామ్మా, ‘ఉప్పుమళ్ళు’ రీళ్ళు నీ దగ్గరున్నాయా?”

“ఇవేటనుకున్నావు?” అని మూతల్ని చూపించింది. “మూతలిక్కడున్నాయి. డబ్బాలు మంచం కింద.”

పద్నాలుగు రీళ్ళు. డబ్బా తీయగానే పులిసిన కల్లు లాంటి ఘాటు వాసన కొట్టింది. ఫిల్ము ముడుచుకుపోతోంది. కొన్నిచోట్ల వేలు తగిలితే పెళుసుగా విరిగేలా ఉంది.

“ఇందులో సంగీతం ఎక్కడుంటుంది మామ్మా?”

ఆమె ఒక ముక్క వెలుతురుకి ఎత్తి పట్టింది. బొమ్మల పక్కన అంచు వెంట, వంకరలు తిరుగుతూ సన్నటి తెల్ల గీత ఉంది.

“ఇదే. దీని మీద లైటు పడితే పాడతాది. ఎంత వంకరుంటే అంత గోల.”

నేను పద్నాలుగేళ్ళుగా ధ్వని మరమ్మతులు చేస్తున్నాను. చప్పుడుని కంటితో చూడటం ఇదే మొదలు.

నమోదు 1161. సోమవారం.

రీళ్ళని పాడించే యంత్రం కట్టడానికి నాలుగు రోజులు పట్టింది. సన్నటి దీపం, దానికెదురుగా వెలుగుని పట్టే పలక, మధ్యలోంచి ఫిల్ము నెమ్మదిగా లాగడానికి పాత కుట్టుమిషను చక్రం. మొదటి రీలు రెండుచోట్ల తెగింది. అతికించాను. ఒక్కొక్క రీలూ ఒక్కసారే వెళుతుంది, రెండోసారికి ఆగదు. వెళుతున్నప్పుడే నకలు తీసుకోవాలి. తప్పు చేస్తే ఇక లేదు.

నకలు పూసలో వింటే పూస దాన్ని కూడా సర్దేసింది. గీరుడు తీసేసి, నాకు నచ్చేలా తీపి చేసి పెట్టింది. పూసలు రెండూ తీసేశాను. తల ఒక పక్కకి ఒరిగిపోయినట్టయింది. నా ఊపిరి నాకే వినబడుతోంది. బల్ల పట్టుకుని విన్నాను.

ఏం రాయాలో తెలియడం లేదు. నచ్చలేదని రాయాలా? నాకు దిగులుగా ఉన్నప్పుడు అది ఆడుతోంది. నేను తేరుకున్నాక దిగులు పడుతోంది. నేనక్కడ ఉన్నట్టే దానికి తెలియదు. కోపం వచ్చి ఆపేసి, టీ తాగి, మొదటి నుంచి మళ్ళీ పెట్టాను.

అదే వచ్చింది. చిన్న మార్పు కూడా లేకుండా, అదే చోట అదే క్లారినెట్, అదే తప్పటడుగు. ఎవరో మనిషి ఎదురుగా నిలబడి, “నేను ఇంతే” అన్నట్టుంది.

నమోదు 1166. శనివారం. చినుకులు.

పదమూడు రీళ్ళు పూర్తయ్యాయి. రోజూ వింటున్నాను. నిన్న పూసలు పెట్టుకోవడం మరచిపోయి ఇంటికి వెళ్ళాను.

వీరాస్వామి దగ్గర ఉన్నది ఒక్కటే చిన్న రాగం, ఐదు స్వరాలది. పోలమ్మ మొదటిసారి పలక లాగినప్పుడు క్లారినెట్ మీద వస్తుంది. ఉప్పు మీద పలక గీసుకుంటూ పోయే చప్పుడే తాళం. నిజంగా మళ్ళలో పట్టి తెచ్చిన చప్పుడట అది. పెళ్ళిలో అదే రాగం సన్నాయి మీద పరుగెడుతుంది, ఒకచోట కావాలనే జారిపడుతుంది. మొగుడు పడవెక్కినప్పుడు వీణ మీద వస్తుంది, కానీ ఐదో స్వరానికి ముందే ఆగిపోతుంది. ఆ ఐదోది ఎప్పుడొస్తుందా అని నేను రెండు రీళ్ళసేపు ఎదురుచూశాను.

ఇక ఉప్పు కరిగేచోట అసలు సంగీతమే లేదు. వాన చప్పుడు, అంతే. నాకు వేణువూ లోకనాథానికి డప్పులూ వచ్చిన చోటు అది. వీరాస్వామి అక్కడ ఏమీ వాయించలేదు. మొదట రీలు పాడైందనుకున్నాను. నాలుగోసారి విన్నప్పుడు, అక్కడ ఏం వాయించినా వానకి అడ్డమొస్తుందని అర్థమైంది. ఇలాంటిది ఒక మనిషి కూర్చుని ఆలోచించి చేశాడంటే ఆశ్చర్యంగా ఉంది. నాకోసం కాదు. నేనెవరో ఆయనకి తెలియదు. అయినా నేనెక్కడ ఎదురుచూస్తానో ఎలా తెలిసింది?

నమోదు 1169. మంగళవారం.

పద్నాలుగో రీలు నకలు తీశాను. ఆడగొంతు లేదు.

పోలమ్మ మడిలో దిగుతుంది. పలక చప్పుడు వస్తుంది. దాని కింద వీణ మంద్రంలో రెండే తీగలు, మీటింది మీటినట్టే. రాగం రావాల్సిన చోట రాగం లేదు. మూడు నిమిషాలసేపు అలా నడిచి అయిపోతుంది.

భూతద్దం పెట్టి అంగుళం అంగుళం చూశాను. గీత ఎక్కడా తెగలేదు, చెరగలేదు. కోత లేదు, అతుకు లేదు. వానచోట లేదంటే సబబు ఉంది. ఇక్కడ కింద తాళం నడుస్తోంది, శ్రుతి నడుస్తోంది, మీద మాత్రం ఎవరూ లేరు. పెళ్ళిపీటలు వేసి పెళ్ళికూతుర్ని తేవడం మరచినట్టుంది.

లోకనాథానికి చెప్పాను.

“అప్పన్న తాత ఎలా ఉంటుందో చెప్పాడుగా,” అన్నాడు. “పూసచేత ఒక కూనిరాగం అల్లించి అతికించెయ్. పెద్దాయన సంతోషపడతాడు.”

“అది రమణమ్మ గొంతు కాదు కదా.”

“రీలులో ఉందో లేదో కూడా తెలియని గొంతు అది, సువర్చలా.”

మధ్యాహ్నం అల్లించాను కూడా. ఊపిరి దాచుకోకుండా, పల్లెగొంతుతో, కొంచెం బొంగురుగా. ఎంత బాగా వచ్చిందంటే నాకే భయమేసింది. దాన్ని ఒక పక్కన పెట్టాను. చెరపలేదు.

నమోదు 1172. శుక్రవారం. ఎండ.

ఒంటరిగా విననని అప్పన్న అన్నాడు. “సినిమా నలుగురితో కూకుని సూడాల,” అన్నాడు. అందుకని మధ్యాహ్నం రెండు గంటలకి ధ్వనిశాల హాల్లో ముప్పయి ఒక్క మంది చేరారు. తెర కట్టి, బొమ్మకి నకలు జతచేశాను. బల్ల మీద చివరి రీలు రెండు రకాలుగా సిద్ధంగా ఉంది, గొంతు లేనిదీ గొంతు అతికించినదీ. ఏది వేయాలో ఆట మొదలయ్యేదాకా నిర్ణయించుకోలేకపోయాను. లేనిదాన్నే తీసుకున్నాను. ఎందుకని అడిగితే చెప్పలేను.

అందరిచేతా పూసలు తీయించి ఒక పళ్ళెంలో పెట్టించాను. చెవులు రుద్దుకున్నారు. కుర్చీల కిర్రుమనే చప్పుడుకి ఉలిక్కిపడ్డారు. మొదటి అరగంటా గొణుగుడే. నవ్వాల్సిన చోట ఏడుపు వాయిస్తున్నారేమిటని ఒకరన్నారు. నలుగురు లేచి వెళ్ళిపోయారు.

పెళ్ళి ఘట్టంలో సన్నాయి జారిపడింది. హాలంతా ఒక్కసారి నవ్వింది. వెంటనే అందరూ ఆగి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పక్కవాడు కూడా సరిగ్గా అప్పుడే ఎందుకు నవ్వాడో ఎవరికీ అర్థం కాలేదు. ఆ తర్వాత ఎవరూ గొణగలేదు.

చివరి రీలు వచ్చింది. పోలమ్మ పలక అందుకుంది. నేను అప్పన్ననే చూస్తున్నాను. ఆయన ముందుకు వంగాడు. నిమిషం చూశాడు. లేచి నిలబడ్డాడు.

“ఆపండి! గొంతు తీసేసినారు!”

ఆపాను. “నేను తీయలేదు తాతా. రీలులో లేదు.”

“ఉంది. నాను ఇన్నాను. అరవై ఏళ్ళుగా నా సెవిలో ఉంది. ఎందుకు తీసేసినావు?”

అప్పుడు వెనక వరసలోంచి చిట్టెమ్మ మాట్లాడింది.

“ఒరే అప్పన్నా, కూకో. ఆ గుంటపిల్లనేల తిడతావు? ఈ బొమ్మ నాను నలభై రోజులాడించినాను. ఆకరి రీల్లో ఎవులూ పాడరు.”

“మరి రమణమ్మో?”

“రమణమ్మ పాడింది. తెర మీద కాదు. నేల టిక్కెట్టులో, నీ పక్కన కూకుని పాడింది. ఆ వీరాస్వామి సినిమా అంతా రాగం నేర్పేసి, ఆకర్న జనానికి వొగ్గేసినాడు. జనమే పాడీవోరు. మిసను గదిలో మాకు ఇనపడీది. మీ ఆవిడ గొంతు అందరికన్నా పైకి లేచీది. మా ఆయన నవ్వీవోడు.”

అప్పన్న నిలబడే ఉన్నాడు. కోపం ఎక్కడికి పోయిందో, చిన్నపిల్లాడిలా చిట్టెమ్మ వంక చూశాడు.

“పక్కనే ఉన్నాను గదా సిట్టెమ్మక్కా. మరి నాకు తెర మీంచే వొచ్చినట్టు గురుతేటి?”

ఆయన మెల్లిగా కూర్చున్నాడు.

“మళ్ళీ ఎయ్యి పిల్లా.”

వేశాను. పలక చప్పుడు, రెండు తీగలు. చిట్టెమ్మ మొదలెట్టింది. గొంతు పగిలిపోయింది, అయినా ఐదు స్వరాలూ ఉన్నాయి. ముందు వరసలో ఇంకెవరో అందుకున్నారు. తర్వాత ఇద్దరు ముగ్గురు. శ్రుతులు కలవలేదు. కొందరు ముందుకు పోయారు, కొందరు వెనకబడ్డారు. నా నోట్లోంచి కూడా ఏదో వస్తోందని నాకు ఆలస్యంగా తెలిసింది. నాకెవరూ నేర్పలేదు. పద్నాలుగు రీళ్ళు నేర్పాయి.

అప్పన్న పాడలేదు. ఎడమ పక్కకి తిరిగి, ఖాళీ కుర్చీ వైపు చెవి ఒగ్గి కూర్చున్నాడు.

నమోదు 1173. శనివారం.

అతికించిన గొంతుని చెరిపేశాను. భాండారానికి పంపాల్సిన పత్రంలో ‘సంగీతం సంపూర్ణమా, అసంపూర్ణమా’ అని ఉంది. గంటసేపు కూర్చుని, సంపూర్ణం అని రాసి, కొట్టేసి, మళ్ళీ రాశాను. అప్పన్నకి రమణమ్మ గొంతు దొరికిందా, ఉన్నది కాస్తా నేను పోగొట్టానా? తెలియడం లేదు.

అప్పన్న నకలు ఇంటికి పట్టుకెళ్ళాడు.

నమోదు 1176. మంగళవారం.

అప్పన్న నకలు తెచ్చి బల్ల మీద పెట్టేశాడు.

“ఇంట్లో ఒక్కడినీ ఇంటే ఆ జాగా ఖాళీగా ఉంటాది. ఆదోరం ఆదోరం ఇక్కడే ఎయ్యి. జనం ఉంటే ఆవిడ కూడా ఇనపడతాది.”

నిజంగా వినబడుతుందా అని అడగాలనిపించింది. అడగలేదు. సరేనన్నాను.

నమోదు 1181. ఆదివారం. గాలిలో ఉప్పు తక్కువ.

ఇవాళ పద్దెనిమిది మంది వచ్చారు. అప్పన్న మధ్యలో కూర్చున్నాడు, ఎడమ పక్క కుర్చీ ఎవరికీ ఇవ్వలేదు. ఆట వేసి, బయట బల్ల దగ్గర తడిసిన పూసలు ఆరబెడుతూ కూర్చున్నాను. రెండున్నర గంటల తర్వాత గోడ అవతల కూనిరాగాలు మొదలయ్యాయి. చిట్టెమ్మది గుర్తుపట్టాను. ఇంకా ఒకరిద్దరివి కూడా.

వాటి కింద ఒక మగగొంతు ఉంది. మూడో స్వరాన్ని వదలకుండా పట్టుకుని, ఆలస్యంగా నాలుగోదానికి దిగుతోంది. ఎవరిదో పోల్చుకోలేకపోయాను. లేచి తలుపు తోశాను.

లోకనాథం. నాకు భోజనం క్యారేజీ తెచ్చి, నేను లోపలున్నాననుకుని, ఆట మొదట్లోనే వెనక తలుపులోంచి హాల్లోకి వెళ్ళినట్టున్నాడు. క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని చివరి వరసలో కూర్చున్నాడు. పూసలు తీసి జేబులో వేసుకున్నాడు. తెర వైపు చూస్తూ, తనకి తెలియకుండానే పాడుతున్నాడు.

తొమ్మిదేళ్ళలో ఈ మనిషి గొంతులో రాగం వినలేదు నేను. ఎవరి పూసలు వాళ్ళకుండగా పాడాల్సిన అవసరం ఎప్పుడొచ్చింది? బాగా పాడుతున్నాడో బాగా లేదో కూడా నాకు తెలియదు. కదిలితే ఆగిపోతాడని గుమ్మంలోనే నిలబడ్డాను.

ఎలాగో చూశాడు. సిగ్గుపడి ఆపేశాడు. అప్పటికి రీలు కూడా అయిపోయింది.

పక్కకి జరిగి నాకు చోటిచ్చాడు.

“మళ్ళీ వేస్తావా?” అన్నాడు.

వేసి, వచ్చి కూర్చున్నాను.